స్టేట్ మారితే బండి సంగతేంటి?

నలుగురు తెలుగువాళ్లం కలిసిన చోట ఈ మధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "అన్నా, డల్లాస్ నుంచి బే ఏరియాకి ప్రాజెక్టు మారింది. బండికి టింట్ వేయించా, ఇన్‌టేక్ మార్పించా, కొంచెం ట్యూన్ కూడా చేయించా. కాలిఫోర్నియాలో రిజిస్ట్రేషన్ అవుతుందా?" అడిగినవాడు ఊపిరి తీసుకునేలోపే పక్కనుంచి జవాబు వచ్చేస్తుంది. "నీకెందుకు బ్రో ఆ తలనొప్పి? ప్లేనోలో ఫ్రెండ్ అడ్రస్ ఇచ్చి టెక్సస్ ప్లేట్లే ఉంచెయ్. అందరూ చేసేదే."

ఈ "అందరూ చేసేదే" అన్న మాట మీదే మా అభ్యంతరం. మేం లాయర్లం కాదు, మెకానిక్కులమూ కాదు. క్లయింటు ఎక్కడుంటే అక్కడికి సూట్‌కేసు సర్దుకుని మూడు నాలుగు స్టేట్లు తిరిగినవాళ్లం. మా మాట ఇంతే: ఎప్పుడు ఏ స్టేట్‌కి వెళ్తామో తెలియని మనలాంటివాళ్లు బండికి వెనక్కి తీసుకోలేని మార్పు చేయకూడదు. చేసిన మార్పు దాచకూడదు. రిజిస్ట్రేషన్ మాత్రం మనం ఎక్కడ కాపురం ఉంటే అక్కడే ఉండాలి. ఎందుకో చెప్తాం, కాస్త ఓపిగ్గా చదవండి.

బండి మీద మోజు పడ్డ కుర్రాళ్లని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. మనలో చాలామంది ఇళ్లలో నాన్నకి ఒక పాత స్కూటరో, టీవీఎస్ ఎక్సెలో ఉంటే అదే గొప్ప. అలాంటి ఇంటినుంచి వచ్చి, సొంత జీతంతో మొదటి కారు కొనుక్కున్నవాడు దాన్ని నాలుగు రకాలుగా ముస్తాబు చేసుకుంటే తప్పేముంది? పండక్కి ఎద్దు కొమ్ములకి రంగులేసే వాళ్ల పిల్లలమే కదా మనం. మోజు ఉండొచ్చు. కాకపోతే ఆ మోజు మనతో పాటు స్టేట్ దాటగలిగేలా ఉండాలి.

ముందు గడువు సంగతి. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటేనే కొత్త రిజిస్ట్రేషన్ కావాలి. విజయవాడ బండితో హైదరాబాదులో ఏడాది దాకా తిరిగినా ఆ సెక్షన్ అడ్డు రాదు. ఆ అలవాటుతోనే ఇక్కడికి వచ్చాం. ఇక్కడ అలా కుదరదు. కాలిఫోర్నియాలో స్థిరపడిన రోజు నుంచి 20 రోజుల్లో బండి రిజిస్టర్ చేయాలి, 10 రోజుల్లో లైసెన్సుకి అప్లై చేయాలి. టెక్సస్, జార్జియా, వర్జీనియాలలో బండికి 30 రోజులు. స్థిరపడడం అంటే ఇల్లు కొనడమే కాదు. అక్కడ ఉద్యోగంలో చేరడం, అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టడం, పిల్లల్ని స్కూల్లో వేయడం, ఇవన్నీ స్థిరపడినట్టు గుర్తులే. "నాది కాంట్రాక్టు, ఆరు నెలలే" అన్న మాట అక్కడ పనిచేస్తుందనుకోవద్దు.

ఇక మార్పుల సంగతి. అన్ని మార్పులూ ఒకటి కావు. మా లెక్కలో అవి మూడు రకాలు.

మొదటి రకం ఎవరూ పట్టించుకోనివి. సీటు కవర్లు, స్పీకర్లు, డ్యాష్‌క్యామ్, మంచి టైర్లు. వీటి గురించి నిద్ర పాడుచేసుకోవక్కర్లేదు.

రెండో రకం రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఎవరూ అడగకపోయినా రోడ్డు మీద పోలీసు అడిగేవి. టింట్, శబ్దం, ఎత్తు. ముందు సీట్ల పక్క అద్దాల సంగతే చూడండి. టెక్సస్‌లో కనీసం 25 శాతం వెలుతురు లోపలికి వస్తే చాలు. ఫ్లోరిడాలో 28, జార్జియాలో 32, నార్త్ కరోలినాలో 35, వర్జీనియాలో 50. కాలిఫోర్నియాకి వచ్చేసరికి 70. అంటే డల్లాస్‌లో చట్టప్రకారం వేయించుకున్న ఫిల్మే శాన్ హోసేలో టికెట్ తెచ్చిపెడుతుంది. బండీ మారలేదు, ఫిల్మూ మారలేదు, మనం దాటిన గీత మారింది. 2012లో సుప్రీంకోర్టు ఇండియాలో అద్దాల మీద నల్ల ఫిల్మ్ అతికించొద్దంది. అప్పట్లో హైదరాబాదు రోడ్ల మీద నిలబెట్టి ఫిల్మ్ పీకించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది దేశమంతటికీ ఒకటే రూలు. ఇక్కడ స్టేట్‌కొక రూలు. శబ్దానికి వస్తే కాలిఫోర్నియాలో మామూలు కార్లకి 95 డెసిబెల్స్ హద్దు. బండిని మరీ కిందికి దించితే, చక్రం రిమ్ము అడుగు కంటే బండి ఏ భాగమూ కిందికి ఉండకూడదన్న రూలు కూడా ఉంది. చిన్న సంగతే కానీ ఇంకోటి: జార్జియా, ఫ్లోరిడాలలో వెనక ప్లేటు ఒక్కటే. టెక్సస్, కాలిఫోర్నియా, వర్జీనియాలలో ముందు ప్లేటు కూడా ఉండాలి. అందం కోసం ముందు బంపర్ మార్చి ప్లేటు బిగించే చోటు లేకుండా చేసుకుంటే, అట్లాంటా నుంచి డల్లాస్ వెళ్లాక దానికీ డబ్బు తీయాలి.

మూడో రకం అసలు చిక్కు. ఇంజన్ నుంచి పొగ ఎలా బయటికి వస్తుందో దాన్ని మార్చేవి: ఇన్‌టేక్, క్యాటలిటిక్ కన్వర్టర్, టర్బో, ఈసీయూ ట్యూన్. వేరే స్టేట్ నుంచి వచ్చిన పెట్రోలు బండిని కాలిఫోర్నియాలో మొదటిసారి రిజిస్టర్ చేయాలంటే స్మాగ్ సర్టిఫికెట్ కావాలి. 1975, అంతకుముందు మోడళ్లకి మాత్రమే మినహాయింపు. మనలో అంత పాత బండ్లు నడిపేవాళ్లు లేరు కదా. స్మాగ్ స్టేషన్‌లో బండి కంప్యూటర్‌కి వైరు తగిలించి చూస్తారు, బానెట్ ఎత్తి కంటితో కూడా చూస్తారు. కంపెనీది కాని పార్టు కనిపిస్తే దాని మీద కాలిఫోర్నియా ఎయిర్ బోర్డు ఇచ్చిన ఈవో నంబరు ఉందా అని వెతుకుతారు. నంబరు లేకపోతే పొగ ఎంత శుభ్రంగా వచ్చినా ఫెయిలే. నంబరు ఉన్నా అది మన బండి మోడల్‌కీ, సంవత్సరానికీ ఇచ్చిందై ఉండాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా అంతే. టెక్సస్‌లో చట్టప్రకారం బిగించిన చౌక రకం కన్వర్టర్ కాలిఫోర్నియాలో చెల్లకపోవచ్చు. 2021 జూలై 19 నుంచి ఇంకో మెలిక వచ్చింది. ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా, మార్చిందా అని స్మాగ్ మిషనే పట్టేస్తోంది. మార్చినదై, దానికి ఆమోదం లేకపోతే, పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించేదాకా పాస్ చేయరు. పగలంతా కోడ్ రాసి బతికే మనకి ఈ సంగతి ఒకరు విడమర్చి చెప్పాలా?

"ఏంటీ చాదస్తం" అనిపిస్తుంది. దానికి వెనక కథ ఉంది. ఒకప్పుడు లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండి, గొంతు మండి, ఎదుటి వీధి కనిపించని రోజులు ఉండేవి. ఆ మంచు లాంటి పొగ కార్ల నుంచి, నూనె శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చేవాటితో, ఎండ తగిలి తయారవుతోందని 1950ల మొదట్లో కాల్‌టెక్ శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ తేల్చారు. 1967లో అక్కడ ఎయిర్ బోర్డు పెట్టినప్పుడు మొదటి ఛైర్మన్ ఆయనే. అమెరికాలో సొంతంగా పొగ ప్రమాణాలు పెట్టుకునే వీలు ఆ ఒక్క స్టేట్‌కే దొరికింది, ఇంకొన్ని స్టేట్లు వాళ్ల దారి పట్టాయి. దీపావళి మర్నాడు ఢిల్లీ గాలి వార్తలు చూసి నిట్టూర్చే మనం, ఊరి గాలి కాపాడుకున్నవాళ్ల రూల్‌ని వేధింపు అనలేం.

ఇంకో అపోహ కూడా ఉంది. "మా స్టేట్‌లో ఇన్‌స్పెక్షనే లేదు, కాబట్టి ఏదైనా చేసుకోవచ్చు." ఫ్లోరిడాలో ఏటేటా తనిఖీ లేని మాట నిజమే. టెక్సస్‌లో సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి తీసేసిన మాట కూడా నిజమే. కానీ డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీలలో ఎమిషన్ టెస్టు ఇంకా ఉంది. ఏ స్టేట్‌లో ఉన్నా సరే, పొగ అదుపు చేసే పరికరాన్ని పీకేయడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం తప్పు. చూసేవాడు లేకపోవడం వేరు, అనుమతి ఉండడం వేరు.

మాకు తెలిసిన తమ్ముడొకడి సంగతి చెప్తాం. డల్లాస్‌లో పనిచేస్తూ సెకండ్ హ్యాండ్‌లో ముచ్చటైన సెడాన్ కొన్నాడు. అమ్మినవాడు ఇండియాకి తిరిగి వెళ్లిపోతున్న మన తెలుగువాడే. బండి బాగా లాగుతోంది, డల్లాస్‌లో ఎమిషన్ టెస్టు కూడా పాసైంది. కొన్నాళ్లకి లేఆఫ్. హెచ్1బి మీద ఉన్నవాడికి 60 రోజులే కదా గడువు. ఏడో వారంలో శాన్ హోసేలో ఉద్యోగం దొరికింది. బతుకు జీవుడా అని బండేసుకుని వెళ్లాడు. స్మాగ్ ఫెయిల్. ఇన్‌టేక్‌కి ఈవో నంబరు లేదు, ఈసీయూ ఎవరో ట్యూన్ చేసి ఉంది. ఈ రెండూ ఉన్నాయని వాడికి తెలియనే తెలియదు. అమ్మినవాడు చెప్పలేదు. కంపెనీ ఇన్‌టేక్ ఎప్పుడో చెత్తలో పడేశారట. అది వెతికి కొని, సాఫ్ట్‌వేర్ పాతది ఎక్కించి, మళ్లీ టెస్టులు చేయించేసరికి 1,800 డాలర్లు దాటింది. కొత్త ఉద్యోగంలో మొదటి నెల, ఊళ్లో చెల్లి పెళ్లికి పంపాల్సిన డబ్బు అది. అన్ని రోజులూ పక్క అపార్ట్‌మెంటాయన కారులో ఆఫీసుకి వెళ్లొచ్చాడు.

వాడికి కూడా "ఫ్రెండ్ అడ్రస్" సలహా ఇచ్చినవాళ్లు లేకపోలేదు. ఆ సలహా ఎంత ఖరీదైనదో లెక్కేద్దాం. ఇన్సూరెన్స్ కంపెనీ బండి రాత్రిపూట ఎక్కడ ఉంటుందో చూసే ప్రీమియం కడుతుంది. బండి శాన్ హోసేలో, పాలసీ ప్లేనోలో ఉంటే, యాక్సిడెంట్ అయిన రోజున అబద్ధం చెప్పారని క్లెయిమ్ ఆపేసే హక్కు వాళ్లకి మనమే చేతికిచ్చినట్టు. ట్యూన్ చేసిన సంగతి కూడా చెప్పకపోతే రెండో సాకు. ఎదుటివాడి హాస్పిటల్ బిల్లు మన మీద పడితే ఇక్కడి జీతం కాదు, ఊళ్లో పొలం అమ్మినా చాలదు.

పైగా మన కాగితాల సంగతి. వీసా మీద ఉన్నవాళ్లం ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్-11తో ఇమిగ్రేషన్‌కి కొత్త అడ్రస్ చెప్పాలి. పేస్టబ్ మీద కాలిఫోర్నియా, ఏఆర్-11లో కాలిఫోర్నియా, బండి కాగితాల్లో మాత్రం టెక్సస్. ఇక్కడ పుట్టిన కుర్రాడు పాత ప్లేట్లతో దొరికితే జరిమానా కట్టి నవ్వుకుంటూ వెళ్లిపోతాడు. గ్రీన్‌కార్డు ఫారంలో "ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా" అని అడిగే ప్రశ్న వాడికి లేదు, మనకి ఉంది. ఒక్క ట్రాఫిక్ టికెట్‌తో వీసా పోతుందని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. అయితే మన గురించి మనమే చెప్పిన మాటలు ఒకదానికొకటి పొసగకుండా ఉంచుకోవడం దేనికి? సైలెన్సర్ శబ్దం కోసమా?

రూలు మంచిదే అన్నాం కదా, అయితే అన్యాయం ఏమీ లేదా? ఉంది. ఒకే ఊళ్లో పాతికేళ్లు ఉండేవాళ్లని మనసులో పెట్టుకుని రాసిన రూల్స్ ఇవి. ఎనిమిది నెలలకోసారి క్లయింటు మారే మనలాంటివాళ్లకి ప్రతిసారీ ఖర్చే. జార్జియాకి కొత్తగా వస్తే బండి విలువలో 3 శాతం టైటిల్ టాక్స్ కట్టాలి. ఐదేళ్ల కిందట టాక్స్ కట్టి కొన్న బండికి మళ్లీ టాక్స్ ఏంటని ఎవరికైనా ఒళ్లు మండుతుంది. టెక్సస్‌లో అదే పనికి 90 డాలర్లు. కొత్త ఉద్యోగం, అద్దె అడ్వాన్సు, పిల్లల స్కూలు, వీటి మధ్యలో 20 రోజులు ఎటు పోతాయో తెలియదు.

మరి ఏం చేయాలి? మనకి ఇక్కడ ఓటు లేదు. కానీ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టినప్పుడు నోరుంది. సామాన్లు పంపే ఖర్చు అడుగుతాం, మొదటి నెల హోటల్ అడుగుతాం, బండి ఖర్చు మాత్రం ఎవరూ అడగరు. రిజిస్ట్రేషన్, టాక్స్, స్మాగ్, టింట్ తీయించడం, వీటన్నిటికీ కలిపి ఒక మొత్తం అడగండి. కన్సల్టెన్సీ వాళ్లు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. వాళ్ల ప్రాజెక్టు కోసమే కదా స్టేట్ దాటుతున్నాం. పదిమంది అడిగితే పదకొండోవాడికి అడగకుండానే ఇస్తారు.

మన చేతిలో ఉన్న పనులు ఇంకా ఉన్నాయి. ఏ పార్టు మార్చినా తీసిన కంపెనీ పార్టుని పారేయకండి, క్లాసెట్‌లో ఒక మూల పెట్టండి. బిల్లు, ఈవో కాగితం ఒక కవర్‌లో వేసి గ్లవ్ బాక్సులో ఉంచండి. ఈవో నంబరు ఉన్న పార్టు కొంచెం ఖరీదైనా అదే కొనండి. మారబోయే స్టేట్ తెలిసిన వెంటనే, బయల్దేరకముందే పాత పార్టులు బిగించి, పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. అదైన మర్నాడే టెస్టుకి వెళ్లొద్దు. బ్యాటరీ తీసినా, కోడ్లు చెరిపినా బండి కంప్యూటర్ తనను తాను మళ్లీ సరిచూసుకోవడానికి కొన్ని రోజుల మామూలు డ్రైవింగ్ కావాలి. డల్లాస్ నుంచి కాలిఫోర్నియా దాకా నడుపుకుంటూ వెళ్తే ఆ పని దారిలోనే అయిపోవచ్చు. లోన్ ఉంటే బ్యాంకుకి కొత్త అడ్రస్ ముందే చెప్పండి. ఇంజనే మార్చి ఉంటే మామూలు స్మాగ్ స్టేషన్ చుట్టూ తిరగకుండా నేరుగా స్టేట్ రిఫరీ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. పని ఆలస్యమయ్యేలా ఉన్నా 20 రోజుల్లోపే వెళ్లి ఫీజు కట్టేసి, తాత్కాలిక పర్మిట్ అడగండి. దాక్కున్నవాడికంటే ముందొచ్చి చెప్పినవాడికి దారులు ఎక్కువ.

కాలిఫోర్నియాలో ఇప్పటికే ఉంటూ "ఆరిగన్‌లో సేల్స్ టాక్స్ లేదు, అక్కడ కొత్త బండి కొందాం" అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. కాలిఫోర్నియావాళ్లు తెచ్చుకునే బండి 7,500 మైళ్లు కూడా తిరగనిదైతే దాన్ని కొత్త బండి కిందే లెక్కేస్తారు. బానెట్ కింద లేబుల్ మీద కాలిఫోర్నియా ప్రమాణాలకి సరిపోతుందని లేకపోతే అసలు రిజిస్టరే చేయరు. టాక్స్ కూడా ఎలాగూ ఇక్కడ కట్టించుకుంటారు. మీరు ముందు ఉన్న స్టేట్‌లో మీ పేరు మీదే మొదట రిజిస్టర్ చేసుకుని, తర్వాత కాపురం మార్చిన బండికి ఈ 7,500 మైళ్ల చిక్కు లేదు.

ఆఖరి మాట ఇండియాకి తిరిగి వెళ్తున్న అన్నలకి, అక్కలకి. మీరు అమ్మే బండి కొనేది దాదాపు ఎప్పుడూ మన పిల్లే, మన పిల్లాడే. "తెలుగువాళ్లు కదా, మోసం చేయరు" అన్న ఒక్క నమ్మకంతో మెకానిక్‌కి కూడా చూపించకుండా కొనేస్తారు. ధర రాసే చోటే ఇంకో రెండు లైన్లు రాయండి. టింట్ ఎంత శాతం, ఏ పార్టులు మార్చారు, ట్యూన్ చేశారా లేదా, కంపెనీ పార్టులు ఉన్నాయా లేదా. దానివల్ల ఓ మూడు నాలుగు వందలు తగ్గితే తగ్గనివ్వండి. మీరు విమానం ఎక్కాక ఆ బండి ఇంకో మూడు స్టేట్లు తిరుగుతుంది. దాన్ని నడిపే పిల్లాడు ఆ రోజు జేబులో ఎంతుందో చూసుకుంటూ స్మాగ్ స్టేషన్ బయట నిలబడి ఉంటాడు. కొనేవాళ్లు కూడా సిగ్గుపడకుండా ఈ నాలుగూ అడగండి, జవాబు మెసేజీలో రాయించుకోండి. అడిగినందుకు నొచ్చుకునేవాడి దగ్గర బండి కొనకపోవడమే మేలు.